సీమోను ఆపిన ఓడ

బోధన్ బస్టాండు పక్కన ఆత్మారాం హోటల్లో చాయ్ బాగుంటుందని ఇప్పటిదాకా ఎవరూ అనలేదు. అయినా పొద్దున పూట బల్లలు ఖాళీగా ఉండవు. పక్క గదిలో ఇంటర్నెట్ సెంటర్ నడిపే సీమోను అక్కడే కూర్చుంటాడు మరి. అతను కోతలు మొదలుపెడితే చెరుకు నరకడానికి పోయే కూలీలు కూడా కొడవళ్లు కింద పెట్టి, ఒక చెవి ఇటు పడేసి నిలబడతారు.

ఆ రోజు ఎల్లవ్వ మాత్రం వినడానికి రాలేదు. నిలదీయడానికి వచ్చింది.

బొంతలు కుట్టడంలో ఆ వాడకట్టులో ఎల్లవ్వకు సాటి లేరు. ఆమె బొంతల ఫోటోలు సీమోను కంప్యూటర్లో అమ్మకానికి పెడితే, జర్మనీలో ఒక గర్భిణి చూసి, పుట్టబోయే బిడ్డకు చిన్న బొంత కావాలని రాసింది. చలి దేశంలో పుట్టే పసిగుడ్డు కదా, మెత్తగా ఉండాలని ఎల్లవ్వ పెట్టె అడుగున దాచుకున్న చనిపోయిన తల్లి చీరలు తీసింది. సొంత కూతురు అడిగినా ఇవ్వని చీరలవి. వాటితో బొంత కుట్టి, ఒక మూలన గుప్పెడు పసుపు కలిపిన బియ్యం పోసి మూసేసింది. వాళ్లది చర్చికి పోయే ఇల్లే. కానీ ఇల్లు దాటి పోయే బొంత ఆడపిల్లతో సమానం, ఒడి నింపకుండా పంపకూడదని తల్లి నేర్పిన పద్ధతిని మాత్రం ఆమె వదల్లేదు.

దసరాకు ముందు సీమోను చేతిలో పెట్టింది. ఇప్పుడు చర్చి మీద క్రిస్మస్ నక్షత్రం కట్టేశారు. ఎప్పుడడిగినా ఒకటే జవాబు, ఓడలో ఉంది, లేటు అని.

"బిడ్డ గీ నెలలనే పుడ్తదంటివి కదరా," అంది ఎల్లవ్వ, కూర్చోకుండానే. "పుట్టిన్నాడు కప్పనీకి లేకపోతే గా బొంత ఎందుకు? ఏడున్నదో ఇయ్యాల నాకు తెల్వాలె."

సీమోను చాయ్ కప్పు కింద పెట్టాడు. కాళ్ల మధ్య ఉన్న గోనెసంచిని మడమతో బల్ల కిందికి నెట్టాడు. అందులో పాత వైర్లున్నాయని, ఇందల్వాయిలో తమ్ముని ఇంట్లో పడేసి వస్తానని అంతకుముందే అందరికీ చెప్పాడు.

"లేటు చేసిన్రు అవ్వా, లేటు!" అని గొంతు పెంచాడు. "నీకే గాదు, నాకూ ఒళ్లు మండింది. పేదోని పార్సిలంటే గీళ్లకు అంత అలుసా? మొన్న గట్టిగ ఒక మెయిల్ కొట్టిన. ఒక్కటే లైను. మా అవ్వ బొంత ఏడుంది? గంతే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బొంబాయి నుంచి పెద్దాఫీసరే ఫోన్ చేసిండు. నేను ఇంగ్లీషుల తిట్టుడు షురూ చేసేసరికి ఆడు లేసి నిలవడ్డడు. కుర్చీ జరిగిన సప్పుడు గీడికి ఇనవడ్డది."

"అరె బాప్‌రే!" అన్నాడు ఆత్మారాం, పాలు పొంగుతున్నా చూసుకోకుండా.

"ఫోన్ల తిడితే కడుపు సల్లవడుతదా? రైలెక్కి నేనే బొంబాయి వోయిన. గోదాముల పార్సిళ్లు సీజన్ల చెరుకు లెక్క గుట్టలు గుట్టలు. ఒక్కొక్కన్ని గల్లా వట్టి అడుగుకుంట పోయిన. నీ బొంత ఎక్కిన ఓడ పొద్దుగాలనే పోయింది సార్ అన్నరు. పోనిస్తనా? సముద్రంల దుంకిన... హుష్! ఏ ఆత్మారాం, నీ కోళ్లను కట్టేసుకోరాదు?"

రెండు కోళ్లు బల్ల కింద చేరి సంచి చుట్టూ ముక్కులు ఆడిస్తున్నాయి. సీమోను కాలు ఊపాడు. అవి రెండడుగులు జరిగి మళ్లీ వచ్చాయి.

మూలన కూర్చున్న బ్రహ్మానందం పేపరు మడిచాడు. ఆయన తాత గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడ కాలువ కింద భూమి కొన్నాడు. "ఏమయ్యా సీమోనూ, నిరుడు మా కాలవలో పడితే గేదె తోక పట్టుకుని గట్టెక్కావు గదా. సముద్రంలో ఎట్టా ఈదావు?"

"కాలువ నీళ్లు ముంచుతయి, ఉప్పు నీళ్లు తేలుస్తయి బ్రహ్మానందం గారూ! ఈదుకుంట ఈదుకుంట ఓడకు ఎదురువోయి చెయ్యి లేపిన. గిట్ల." లేచి నిలబడి, అరచెయ్యి అడ్డంగా పెట్టి చూపించాడు. "ఆగింది! నడిసముద్రంల! గా బ్రేకు ఊపుకు చేపలు ఎగిరొచ్చి ఓడల పడ్డయి. కెప్టెన్ టోపీ తీసి చేతుల వట్టుకున్నడు. ఎందుకు లేటు బే అన్న. డీజిల్ అయిపోయింది సార్ అన్నడు. నా జేబుల మన బోధన్ బెల్లం ఉండె. రెండు ముద్దలు ఇంజన్ల ఏసిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఓడ ఉరికింది సూడు, పొగగొట్టంలకెల్లి పాకం వాసన! ఎన్కకు మర్లి సూస్తే చీమలు! సముద్రం మీద బారు కట్టి ఓడ ఎంబడి వస్తున్నయి!"

కూలీలు పడీ పడీ నవ్వారు. ఎల్లవ్వకు నవ్వు రాలేదు. వీడి ఓడ ఏడ తిరిగితే ఆమెకేం, వీడి బెల్లం ఏడ కాలితే ఆమెకేం? ఆమె కళ్లముందు ఒక్కటే కనిపిస్తోంది, కప్పుకోవడానికి ఏమీ లేని చంటిపిల్ల.

"బిడ్డ పుట్టిందా లేదా? గది చెప్పు," అంది పళ్లు కొరుకుతూ.

"ఆడికే వస్తున్న! జర్మనీల దిగంగనే కస్టమ్సోళ్లు విప్పి సూపియ్యమన్నరు. మా అవ్వ చేతి కుట్టు, పోగు తెగితే మీ దేశాన్ని ఉంచనని ఒక్క కేక ఏసిన. ఊరంత మంచు కరిగి మోరీల పారింది. సక్కగ దవాఖానకు వోయిన. బిడ్డ గప్పుడే పుట్టి గుక్కపట్టి ఏడుస్తున్నది. నా చేతులతోని బొంత కప్పిన. ఏడుపు బంద్! కండ్లు తెరిచి, నా దిక్కు సూసి ఏమన్నదో తెలుసా?"

"ఏమంది?" అన్నాడు ఆత్మారాం.

"మా ఎల్లవ్వ మంచిగున్నదా, అన్నది."

అబద్ధమని ఎల్లవ్వకు తెలుసు. చెవిటివాడికైనా తెలిసే అబద్ధం. అయినా ఆ మాటకు ఆమె మనసు ఒక్క క్షణం కరిగింది, కళ్లు తడిశాయి. అందుకే కోపం ఇంకా ఎక్కువైంది. తిండి పెట్టనివాడు తిండి మాట చెప్పి నోరూరించినట్టే ఇది.

"మూలన నేను పోసిన ఒడిబియ్యం?" అని అడిగింది.

"ఒక్క గింజ రాలలేదు అవ్వా! యేసు సాక్షి!"

అప్పుడే ఒక కోడి ఆమె కాలి పక్కన ఏదో పొడిచింది. ఎల్లవ్వ వంగి చూసింది. బల్ల కింద నుంచి గింజలు రాలి ఉన్నాయి. పసుపుపచ్చని బియ్యం గింజలు.

ఆమె సీమోను కాళ్లు పక్కకు తోసి గోనెసంచి లాగింది. లోపల తెల్లగుడ్డలో కుట్టిన మూట, దాని మీద సీమోను రాతలోనే జర్మనీ చిరునామా. సంచికీ మూటకూ మూలన ఎలుక కొరికిన బొక్క.

నవ్వులు ఆగిపోయాయి. సీమోను కూర్చుండిపోయాడు.

"నిజామాబాద్ పోస్టాఫీసుల ఒత్తి సూసిన్రు అవ్వా," అని గొణిగాడు. "గింజలు బయటి దేశం పోవద్దట, తీసి తెమ్మన్నరు. నువ్వేమో పానం పెట్టి కుట్టినవు. నాకు అన్నీ తెలుసని నీకు చెప్పి తీసుకపోతిని. ఎట్ల మర్లి వచ్చి..."

"నోరు ముయ్యి!" ఎల్లవ్వ అరుపుకు కోళ్లు చెదిరిపోయాయి. "విప్పమంటే విప్పకపోదునా? ఒడి ఖాళీగ పోతే పోయె, పసిబిడ్డకు సలి తగలకుంటే సాలు. గీ ఒక్క ముక్క చెప్పనీకి నోరు రాలేదు, సముద్రం మీద చీమలను నడిపిస్తివి!"

మూట కుట్లూ, బొంత మూల కుట్లూ పళ్లతో తెంపి, మిగిలిన బియ్యం దులిపి కోళ్లకు వేసింది. ఖాళీ మూలను కాసేపు చూసింది. తర్వాత తన కొంగు అంచు బెత్తెడు చించి అందులో పెట్టి, రవికెకు దారంతో సహా గుచ్చుకున్న సూది తీసి, నిలబడ్డ చోటే బొంతనూ మూటనూ ఎలుక బొక్కతో సహా కుట్టేసింది. కుట్టు ఎక్కడా వంకరపోలేదు.

బస్టాండులోంచి నిజామాబాద్ బస్సు బయటికి వచ్చింది.

"నడిసముద్రంల ఓడను ఆపినోనివి గద," అంది ఎల్లవ్వ. "ఆ బస్సును ఆపు."

సీమోను అందరి మొహాలు చూశాడు. రోడ్డు మీదికి పోయి చెయ్యి లేపాడు, ఇందాక లేపినట్టే, అడ్డంగా. డ్రైవరు హారన్ కొట్టి, పక్క నుంచి దుమ్ము లేపుకుంటూ పోయాడు.

"బెల్లంతో నడిచే బస్సయితే ఆగేదేమో," అన్నాడు బ్రహ్మానందం.

ఈసారి నవ్వులు బస్టాండు దాకా వినిపించాయి. ఎల్లవ్వ మూట చంకన పెట్టుకుని, రోడ్డు మీద నిలబడ్డ సీమోను చొక్కా పట్టుకుంది.

"ఇంకో బస్సు ఉన్నది, నడువు. పోస్టాఫీసుల నువ్వు నోరు తెరవద్దు. నేను మాట్లాడుత."