ముందర పోయేవాడు

1993. హోసూరు పక్కన మత్తిగిరిలో తిమ్మరాజు ఇంటి వాకిలి. ఆదివారం మధ్యాహ్నం. స్టాండు మీద, మట్టి మైదానంలో తిరిగే పందెం మోటారు సైకిలు. దాని పక్కన తిమ్మరాజు, అతని బావమరిది ప్రసాదు. వంటింట్లో తిమ్మరాజు భార్య, ప్రసాదు అక్క భువన.

"నా పేరు కొట్టేసినారా లేదా? అదొక్కటి చెప్పు బావా."

"ఆ చైను ఇట్ల పట్టుకో."

"చైను ఉండనీ. పొద్దున్నుంచి క్లబ్బులో, పేర్లు పంపించే కోదండరామయ్య సారు తావే కూర్చోనుంటివంట. మాదప్ప చెప్పినాడు."

"ఇంకేం చెప్పినాడు మాదప్ప?"

"డెన్మార్కులో జరిగే ప్రపంచ పందేనికి పేర్లు పోయినాయని చెప్పినాడు. నవ్వుతా చెప్పినాడు బావా. నన్ను చూసి వాడెందుకు నవ్వాల?"

"వాని మొకమే అంత. రేయ్, పట్టుకో అంటే వదిలేస్తివే! నూనె యాడ పెట్టినావు?"

"నీ కాళ్ల కాడే ఉండాది. బావా, దేశానికి ఒక జత. జత అంటే ఇద్దురే. మనం ముగ్గురుండాము. నువ్వు ఎట్లన్నా పోతావు. ఇంక మిగిలింది నేను, మాదప్ప. వాడు నవ్వుతా ఉండాడంటే నేను పోయేది లేదనే కదా?"

"అన్నం తిన్నావా?"

"తినలేదు."

"భువనా! నీ తమ్మునికి సంగటి పెట్టు."

"నాకేం వద్దు."

"సంగటి వద్దంట. మజ్జిగన్నా తెచ్చియ్యి."

"బావా!"

"అరవద్దురా. పక్కింట్లో పసిబిడ్డ ఇప్పుడే నిద్రపోయింది."

"పోయిన ఆదివారం జరిగిందానికే కదా ఇదంతా? ఆ బెంగుళూరు పిల్లోళ్లు ఇద్దురూ మన ముందర పోయినారని."

"సుమ్నే, ఊరికే ప్రాక్టీసుకని వచ్చినోళ్లప్పా వాండ్లు. నిన్నా మొన్నా బండి నేర్చుకున్నోళ్లు. నలుగురు తిరిగితే మనం మూడూ నాలుగూ. ఆడ దేశదేశాల నుంచి వస్తారు, వాండ్ల ముందర మన గతేమి?"

"తప్పు నాదే అంటావు."

"నేనేమన్నా అంటినా?"

"అనకపోతే మాత్రం! జత పందెంలో ఒకడు గెలిస్తే చాలదు, ఇద్దురి పాయింట్లూ కలుపుతారు. నేను లెక్క తప్పించినానా ఎప్పుడన్నా? నువ్వు మొదట వస్తే నేను రెండు. నువ్వు మూడు వస్తే నేను నాలుగు. ఒక్కసారన్నా నిన్ను వదిలి యాడన్నా పోయినానా?"

"అదే కదప్పా. ఒక్కసారి కూడా పోలేదు."

"ఏమి, దెప్పుతా ఉండావా?"

"దెప్పేదేముంది? ఒక మాట అడుగుతా, చెప్పు. పోయిన ఆదివారం అవతలి బెండులో, మలుపు తిరిగే కాడ, నేను బయటికి జారిపోతిని. లోపలి పక్క లారీ పోయేంత సందు. అవునా?"

"అవును."

"నీ ముందరి చక్రం నా మోకాలి దాకా వచ్చింది. నేను చూసినాను."

"పందెంలో పక్కకి చూస్తారా బావా ఎవురన్నా?"

"నేను చూసినాను. వచ్చింది, వచ్చి మళ్లా వెనక్కి పోయింది. నీ ఇంజను శబ్దం తగ్గిపాయ. బ్రేకు లేని బండి ఇది. నువ్వు యాక్సిలేటరు తగ్గిస్తేనే తగ్గాల. ఎందుకు తగ్గించినావు?"

"మట్టి పడింది కండ్లల్లో."

"కండ్లకి అద్దాలుండె కదా."

"అద్దాల మీద పడింది."

"నా వెనకే ఉంటే మట్టి పడకుండా పూలు పడతాయా? ముందరికి వచ్చేస్తే పడదు కదా."

"మజ్జిగ బాగుండాది అక్కా."

"నేనింకా తేనే లేదు కదరా!"

"తెస్తే బాగుంటాదని చెప్తా ఉండాను."

"ఇదో, తాగు. ఏంరా, ఎందుకట్ల మొకం పెట్టుకోనుండావు? ఈయన ఇంకా చెప్పలేదా నీకి?"

"భువనా, నువ్వు గమ్మునుండు."

"ఎన్నాళ్లు గమ్మునుండేది? రాత్రంతా గమ్మునే ఉంటిని. రేయ్ ప్రసాదూ, గ్లాసు ఆడ పెట్టి లే. ఈ స్వెటర్ వేసుకో."

"ఈ ఎండలో స్వెటరేమి అక్కా?"

"డెన్మార్కులో ఎండ ఉండదంట. బెంగుళూరుకి పోయినప్పుడు టిబెట్టోళ్ల కాడ బేరమాడి తెచ్చినాను. వేసుకో."

"బావకి తెచ్చింది నాకెందుకు?"

"వేసుకో అంటిని. ఆ... చెయ్యి చాపు. సరిపోయిందా?"

"సరిపోయింది. బావకి ఇది యాడ పడుతాది? ఈ భుజాలు బావకి పట్టనే పట్టవు. అక్కా... ఇది నా కొలతా?"

"నీ బావనే అడుగు."

"బావా! నేను పోతా ఉండానా? నా పేరుందా? నువ్వూ నేనూ పోతా ఉండామా? అది చెప్పేదానికి ఇంతసేపా? నా పానం పోయింది కదా బావా! మాదప్ప ఎందుకు నవ్వినాడో, పిచ్చోడు!"

"నీ పేరుంది. మాదప్ప పేరూ ఉంది."

"ఏమి?"

"నువ్వూ మాదప్పా పోతారు. నేను పోను."

"హాస్యమాడద్దు బావా."

"హాస్యం కాదు. నా పేరు తీసేయమని నేనే చెప్పినా కోదండరామయ్యకి."

"ఎందుకు? నిన్నెవురన్నా ఏమన్నా అన్నారా? సారు అన్నాడా? ఆ మాదప్పగాడు అన్నాడా?"

"ఎవురూ అనలేదు. నేనున్నంత కాలం నువ్వు నన్ను దాటవు. మొన్న జూజువాడిలో నేను మోపెడ్ మీద పాల క్యాను పెట్టుకోని మెల్లగా పోతా ఉంటిని. నువ్వు బుల్లెట్లో వచ్చినావు. చెక్‌పోస్టు నుంచి ఊర్లోకి వచ్చేదాకా మోపెడ్ వెనకే వచ్చినావు. వెనకున్న లారీలోళ్లు నిన్ను తిడతా ఉంటే నాకి వినపడింది."

"అది రోడ్డు కదా బావా."

"పెండ్లిండ్లల్లో నేను కూర్చుంటే గానీ పంక్తిలో కూర్చోవు. నేను చెయ్యి కడిగితే గానీ ఆకు ముందర నుంచి లేవవు."

"మా నాయన వాన్ని అట్లనే పెంచినాడు. బావకి ముందర కాలు పెట్టద్దని గురుబరపల్లి నుంచి పంపించేటప్పుడే చెప్పి పంపించినాడు."

"నేనేమన్నా కాదంటినా భువనా? ఇంట్లో నాకి ఆ మర్యాద కావాల. మైదానంలో ఏం చేసుకునేది దాన్ని? ప్రసాదూ, బండి నేర్పించిందే నేను. నీ చెయ్యి నాకి తెలీదా? నలభై దగ్గరికొస్తా ఉండాను. యాక్సిలేటరు పూర్తిగా తిప్పి పోతా ఉంటా నేను. నువ్వు సగమే తిప్పి నా మోకాలి కాడ ఉంటావు. ఆ తెల్లోళ్లు నన్ను దాటిపోతే నువ్వు నా వెనకే నిలబడిపోతావు. నీకి అడ్డం నేనేరా. మాదప్ప నీకంటే చిన్నోడు. వాని ముందర పోయేదానికి నీకి ఏ మర్యాదా అడ్డం రాదు."

"నీకి పోవాలని లేదా బావా?"

"లేకుండా ఎట్లుంటాది? ఎన్నేండ్లుగా కాచుకోనుండాను! విమానమెక్కల్ల, మన దేశం పేరు రాసిన చొక్కా వేసుకోవల్ల అని నాకి లేదా? నీ అక్క చూడకుండా పెరట్లోకి పోయి ఏడ్చినాను కూడా."

"చూసినాను. చూడనట్లు పడుకోనుంటిని."

"స్కూటరు తీ బావా. సారింటికి పోదాం. పేర్లు మార్చమందాం."

"కూర్చో."

"లే బావా! తాళం యాడ? అక్కా, స్కూటరు తాళం యాడ పెట్టినావు?"

"పేర్లు పోయినాయిరా. ఇంక మార్చేదానికి లేదంట. నేను అడిగినాను, పంపించినంక నాకే మనసు ఆగక. మార్చరంట."

"నన్ను ఒక మాట అడిగి ఉండాల నువ్వు!"

"అడిగితే ఒప్పుకోనుంటివా?"

"అయినా అడిగి ఉండాల బావా! ఒక్క మాట! ఒకే ఒక్క మాట!"

"ఏమండీ, చూడండి వాన్ని. స్వెటర్ వేసుకోని వణుకుతా ఉండాడు. రేయ్, కూర్చో. ఏమైందిరా? బావ నీ మంచికే కదా చేసినాడు?"

"మర్యాద కాదక్కా."

"ఏది?"

"మైదానంలో. రోడ్డు మీద మర్యాదే, పంక్తిలో మర్యాదే. మైదానంలో కాదు. బావా, నీ మోకాలి దాకా వస్తాను కదా. ఆడికి వచ్చేటప్పటికి నీ పక్కనుంచి బెండు కనిపిస్తాది. మొత్తం ఖాళీ. ఎవురూ ఉండరు. చేతులు బిగుసుకుపోతాయి నాకి. నీ వీపు ముందరుంటే ఏం భయం లేదు. నీ భుజం వాలితే నేనూ వాల్తాను. నువ్వు లేస్తే నేనూ లేస్తాను. మట్టి ఎంత పడినా నీ వెనక బాగుంటాది నాకి. నేను యాక్సిలేటరు తగ్గించేది భయానికి బావా."

"మరి ఇన్ని దినాలు..."

"ఊర్లో అందరూ బావంటే ఎంత మర్యాద చూడండప్పా అనిరి. నువ్వు కూడా అట్లనే అనుకుంటివి. వినేదానికి బాగుండె. గమ్మునుండిపోయినాను."

"దేవుడా. ఇప్పుడు ఏం చేసేదిరా ప్రసాదూ?"

"ఏమీ కాదులే అక్కా. మాదప్ప ఉండాడు కదా. వాడు బాగా పోతాడు. వాడు ముందర పోతే చాలు, వాని వీపు చూసుకోని వెనకే పోతాను. ఏం బావా? వాడు పోతాడు కదా? అట్ల తలకాయ పట్టుకుంటే ఎట్ల?"

"వాడు పోడురా."

"ఎందుకు పోడు?"

"ఏమైనా సరే నీ ముందరికి రానని, వాని కూతురి తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నాను."