హెడ్విగ్ వదిన పోసిన గుండ్లు

ఏంటమ్మాయ్, తుపాకీ గొట్టంలోకి గుండు సులువుగా దూరుతోందని సంబరపడుతున్నావా? అదే కొంప ముంచేది. ఇలా కూర్చో, చెప్తా. మా హెడ్విగ్ వదిన బతికుంటే ఆ గుండ్లన్నీ లాక్కుని మళ్ళీ కరిగించేసేది. మా అన్న కొన్‌రాడ్ భార్యలే. సీసం కరిగించి గుండ్లు పోయడంలో ఆవిణ్ణి మించినవాళ్ళు మిల్వాకీ చుట్టుపక్కల లేరు, ఎవడి ముందైనా చెప్తా ఈ మాట. గుండు తిరగేసి ముందు అడుగు చూసేది. ముక్కు కాస్త నలిగినా ఊరుకునేది గానీ, అడుగు అంచు ఆవగింజంత విరిగిందా, తిరిగి మూకుట్లోకే. "చుక్కాని విరిగిన పడవెక్కుతావా ఎవాల్డూ?" అనేది నన్ను.

ఎక్కడున్నాను? ఆఁ, అన్న. మన తుపాకీ క్లబ్బులో జూన్ పోటీ గెలిచినవాడే కదా ఆ ఏటికి రాజు, ఆ వెండి గొలుసు నాలుగేళ్ళు అన్న మెడలోనే ఉంది. అయిదో ఏడు రెండొందల గజాల దగ్గర పది గుండ్లూ పది దిక్కులకి పోయాయి. గుస్టావ్ అని అప్పట్లో క్లబ్బు పెద్ద, గొంతు సవరించుకుని, "బీరు ముందు తలకెక్కుతుందోయ్, తర్వాత వేళ్ళకి దిగుతుంది" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అవునమ్మా, సొంత అన్నని చూసే. ఆ చలికాలమే అన్న నిమోనియాతో పోయాడు. తాగుబోతన్న పేరు మాత్రం పోలేదు, చర్చి మెట్ల మీద కూడా అదే మాట.

వదిన ఊరుకునే మనిషా? అన్న తుపాకీ బల్లమీద పెట్టి, మెత్తటి సీసం ముక్కని గుండు పెట్టే వెనక వైపు నుంచి గొట్టంలోకి దిగ్గొట్టి, బయటికి తోసి కొలిచింది. కాల్చి కాల్చి ఆ గుండు పెట్టే నోరు అరిగి వెంట్రుకంత వెడల్పయింది! మనవాళ్ళేం చేస్తారు? గొట్టం మీద కొట్టిన కొలత అంకె చూసి గుండు పోస్తారు. గొట్టం అరుగుతుంది గానీ అంకె అరుగుతుందా? వదులు గుండు లోపలే వంకరపడి బయల్దేరుతుంది. సరే, గుండ్లు పోసే అచ్చులో ఒక గుండు పెట్టి, నూనే సానపొడీ వేసి వారం రోజులు తిప్పి తిప్పి ఆ అచ్చుని పెద్దది చేసింది. బొటనవేలితో నొక్కితే గానీ గుండు దూరకూడదు, అదీ కొలత.

జూన్ వచ్చింది. తుపాకీ మోసుకుని నేరుగా మైదానానికొచ్చింది. గుస్టావ్ ఏమో, "ఆడవాళ్ళు కాల్చే ఆచారం లేదమ్మా" అన్నాడు. "మీ గొలుసు నాకొద్దు, గురికి ఒక కాగితం పెట్టండి చాలు" అంది. పది కాల్చింది. ఆ కాగితం తెచ్చి చూస్తే పది చిల్లులూ అరచేతి కింద దాగాయి. "గొట్టం భేషుగ్గా ఉందే, అయితే కొన్‌రాడ్ చెయ్యిదే తప్పన్నమాట" అన్నాడు గుస్టావ్. వదిన ఇంకో గుండ్ల పెట్టె తీసింది. "ఇవి కిందటేడు ఆయన కాల్చగా మిగిలినవి" అని అయిదు కాల్చింది. అదే చెయ్యి, అదే తుపాకీ, అయిదూ అయిదు దిక్కులకి. గుస్టావ్‌కి ఒళ్ళు మండిపోయింది. "ఏ దద్దమ్మ పోశాడివి?" అని అరిచాడు.

"నేనే పోశాను. ఆయన చెయ్యి వణకలేదు, నేను కొలవలేదు. ఇకనుంచి నవ్వాలనుంటే నన్ను చూసి నవ్వండి" అంది.

అంతమందీ నేలచూపులే. నా సిగ్గు సంగతి చెప్పక్కర్లేదు. తప్పయిందన్నా అందామంటే వినడానికి అన్న ఏడీ...

సరేలే. పొద్దెక్కిపోతోంది, ఆ పొయ్యి వెలిగించి మూకుడు పెట్టు.