మీగడ కట్టిన గొట్టం

మెకానిక్ కారు బానెట్ కింద నుంచి ఒక రబ్బరు గొట్టం ఊడదీసి, లోపల వేలుపెట్టి గీరాడు. ఆదివారం కదా అని కారును చూపించడానికి తెచ్చిన ఆమె ముందుకు వంగి చూసింది.

“ఇంజను లోపలి ఆవిరి పోయే గొట్టమమ్మా ఇది. చూశారా, ఆయిలు మీగడ కట్టింది.”

“ఆయిలు నల్లగా కదా ఉంటుంది?”

“నీళ్లు కలిస్తే ఇలా తెల్లబడుతుంది.”

“అయ్యో, ఇంజను పోయినట్టేనా?”

“కంగారు పడకండి. రేడియేటర్లో నీళ్లు చుక్క కూడా తగ్గలేదు. ఇది ఉత్త చెమ్మ. ఇంజను వేడెక్కకముందే ఆపేస్తుంటే ఆరదు. రోజూ రెండు వీధులు తిప్పి ఆపేస్తున్నట్టున్నారు.”

“రెండు వీధులేంటి? మావారు రోజూ నలభై కిలోమీటర్లు ఫ్యాక్టరీకి వెళ్తారు.”

“ఈ బండిలోనేనా?”

“ఇందులోనే. ఎనిమిదింటికల్లా క్యారేజీ పట్టుకుని…”

మెకానిక్ గొట్టాన్ని గుడ్డతో తుడిచాడు. తుడిచిన చోటే మళ్లీ తుడిచాడు.

“నాన్చకుండా చెప్పండి.”

“నలభై కిలోమీటర్లు తిరిగే బండికి ఇది పట్టదమ్మా.”

“పోయిన నెల ఫ్యాక్టరీలో కొందరిని ఉద్యోగాల్లోంచి తీసేశారట. ‘మా సెక్షన్‌కి ఢోకా లేదు’ అన్నారు మావారు. క్యారేజీ ఖాళీగానే వస్తోంది. ఏ చెట్టు కింద ఆపుకుని తింటున్నారో ఒక్కరే!”

“అనవసరంగా నోరు జారాను.”

“మీరేం జారలేదు. దీనికి మందేమిటో చెప్పండి.”

“కడిగి, ఆయిలు మారుస్తాను. ఆ తర్వాత గంటసేపు ఆపకుండా నడపాలి.”

“రేపు రెండు క్యారేజీలు కట్టుకుని నేనూ ఎక్కుతాను. ఎలా ఆపుతారో చూస్తాను.”