ఒకేలా మొదలైన రెండు మాటలు

కాలు చూపించుకోవడానికి మళ్ళీ వచ్చిన పెద్దాయన ఆసుపత్రి ఆఫీసు కిటికీ దగ్గర ఆగి గుమస్తాని అడిగాడు.

“నన్ను చూసుకున్న నర్సమ్మ కనిపించట్లేదేం బాబూ?”

“తీసేశారు తాతగారూ. కొత్త ఉద్యోగం, ఇంకా పర్మనెంటు కాలేదు. మీ కాగితం చూసి పంపించేశారు.”

“నా కాగితమా? కన్నకూతురిలా చూసుకుందనేగా ఇచ్చాను.”

“మెచ్చుకోవాలంటే ‘కాంప్లిమెంట్’ గడిలో టిక్కు పెట్టాలి. మీరు ‘కంప్లయింట్’ గడిలో పెట్టి, కింద ఆమె పేరు రాసి సంతకం చేశారు.”

“ఇంగ్లీషులో రెండూ ఒకేలా మొదలయ్యాయి నాయనా. చివరిదాకా చదవలేదు. ఇంకో కాగితం ఇవ్వు, దిద్దుతాను.”

“నిన్ననే గది ఖాళీ చేసి వెళ్ళిపోయింది.”

“నన్ను తిట్టుకుందా?”

“లేదు. మీ సంతకం చూసి, ‘కట్టు విప్పేటప్పుడు నొప్పి కలిగించుంటాను, పాపం తాతయ్య పైకి చెప్పలేదు’ అంది.”