గబ్బిలం బావ తప్పిపోవడం

ఏంటీ, మనింటిని ఇంకా గబ్బిలం గారిల్లనే అంటున్నారా? హుఁ. ఆ గబ్బిలం మీ తాతేనే తల్లీ. మా అక్క మొగుడు. మీ అమ్మ చెప్పలేదూ? చెప్పదులే. గనిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని ఆయనది. నాకూ ఆయనే వేయించాడు ఉద్యోగం, అప్పట్లో నాకు మీసాలైనా సరిగ్గా రాలేదు, అది వేరే కథ... ఆఁ, లోపల దీపం లేకుండా తిరిగేవాడు, అందుకని గబ్బిలం. ఓసారి నీళ్లు ముంచుకొచ్చి దీపాలన్నీ ఆరిపోయాయి. ఛాతీ లోతు నీళ్లు. "ముందువాడి భుజం పట్టుకోండ్రా, ఎవడూ ఏడవకండి, నాకు దారి చెదిరిపోతుంది" అన్నాడు. ఏడుగురం బతికి బయటపడ్డాం. అలాంటి మనిషి, రిటైరయ్యి కంపెనీ క్వార్టరు వదిలి ఈ ఇంటికొచ్చాక, బాత్రూమ్ ఎటో తెలీక నడవలో నిలబడిపోయేవాడు. డాక్టరేమో, "దారులు గుర్తుంచుకునే చోటు మెదడులో ఒకటుందండీ, ఈ జబ్బు ముందు దాన్నే పట్టుకుంటుంది. పాత దారులు కొన్నాళ్లుంటాయి, కొత్తవి అంటుకోవు" అన్నాడు. నిజమే, గనిలో ఏ మలుపు తర్వాత ఏది అంటే గడగడా చెప్పేవాడు. వంటిల్లెక్కడ బావా అంటే తెల్లమొహం. రోజూ ఒకటే పాట, "బావమరిదీ, నన్ను మా ఇంటికి దింపరా." ఆ రోజు పొద్దున గడ్డం గీసుకుంటున్నా. మళ్లీ వచ్చాడు. "ఇదే నీ ఇల్లు, నా ప్రాణం తియ్యకు, పో" అని కసిరాను. పో అన్నాను తల్లీ. పోయాడు. పాత క్వార్టర్లు, గని గేటు, బస్టాండు, చెరుకు తోటలు... ఎంత దూరం పోయాడో అని దూరాలే వెతికాం రెండు రోజులు. మూడోనాడు పక్కింటావిడ వాసనొస్తోందంది. మన వెనక గోడకీ వాళ్ల గోడకీ మధ్య సందు లేదూ, మనిషి పక్కకి తిరిగితే గానీ పట్టడే, అందులో దూరి ఇరుక్కుపోయాడు. గోళ్లన్నీ అరిగిపోయాయి. మా అక్క ఏడవలేదు. "ఆ గోడకి ఇవతలే కదరా నేను వంట చేసింది," అంది. "గీరుతున్న చప్పుడైతే ఎలుకలనుకుని గరిటెతో గోడ మీద కొట్టాను."

...

ఆ కిటికీ వెయ్యమ్మా, జల్లు పడుతోంది.