కార్డు మీద కూర్చున్నది నేను

శంషాబాద్ మండల తహసీల్దార్ గారి ఎదుట, 2011 ఆగస్టు 9, మంగళవారం, ఉదయం 10 గంటల 20 నిమిషాలకు, భాగ్యమ్మ చెప్పగా రాసుకున్నది.

నా పేరు భాగ్యమ్మ. భర్త పేరు బిక్షం. వయసు ముప్పై ఒకటి. విమానాశ్రయంలో కాంట్రాక్టరు కింద మూడేళ్లుగా ఊడ్చి తుడిచే పని చేస్తున్నాను. నన్నెవరూ బలవంతపెట్టలేదు. నా అంతట నేనే వచ్చాను.

మంజుల నా తమ్ముడు మల్లేశ్వర్ భార్య. వయసు ఇరవై ఆరు. ఆమె గుండె జబ్బుతో ఈ నెల రెండో తేదీ నుంచి అత్తాపూర్ దాటాక ఉన్న ఆరోగ్యశ్రీ దవాఖానలో ఉంది. వెల్లకిలా పడుకుంటే ఊపిరి అందదు. రాత్రంతా కూర్చునే నిద్రపోతుంది. పదిహేను రోజుల్లోపు ఆపరేషన్ చేయాలని డాక్టరు చెప్పాడు. అందులో ఏడు రోజులు అయిపోయాయి.

మా తమ్ముడి తెల్ల రేషన్ కార్డులో మంజుల పేరుంది, వయసుంది. ఫొటోలో మాత్రం మంజుల లేదు. తమ్ముడి పక్కన కూర్చున్నది నేను.

అది 2007లో జరిగింది. కార్డులకు కుటుంబమంతా ఫొటో దిగాలని, బడి దగ్గరికి రమ్మని ఊళ్లో చాటింపు వేశారు. ఆ రోజుకు మంజులకు రెండో కాన్పయి తొమ్మిది దినాలు. మా ఇళ్లలో ఇరవై ఒక్క రోజులు నిండేదాకా బాలింత గడప దాటదు. నేను బాలింతను చూడడానికి పుట్టింటికి వచ్చి ఉన్నాను. మా అమ్మ అనంతమ్మ, ఇప్పుడు లేదు, నన్ను పిలిచింది.

"మనిషి కనబడకుంటె పేరు కొట్టేస్తరే భాగ్యా. నువ్వు జర పోయి కూసో. ఒక్క ఫొటోకు ఏమైతది?"

నేను సరేనన్నాను. మంజుల ఆకుపచ్చ చీర కట్టుకున్నాను. మంచం మీద కూర్చునే మంజుల నా కుచ్చిళ్లు సర్దింది. "వదినా, నీకు మంచిగొప్పింది. ఇగ నువ్వే ఉంచుకో" అని నవ్వింది. "నీ చీర నాకెందుకే పిల్లా, ఫొటో దిగి వచ్చి ఇచ్చేస్త" అన్నాను. వచ్చి ఇచ్చేశాను. బియ్యం వస్తున్నాయి కాబట్టి ఆ ఫొటో సంగతి మళ్లీ ఎవరమూ ఎత్తలేదు.

ఈ నెల మూడో తేదీ బుధవారం ఉదయం తమ్ముడు నాకు ఫోన్ చేసి ఏడ్చాడు. "అక్కా, ఫొటోల ఉన్నోళ్లకే ఆపరేషనంట. మంజులను చూస్తె దొంగ కార్డంటరు" అన్నాడు. ఎవరు చెప్పారని అడిగితే పక్క మంచం వాళ్లు చెప్పారన్నాడు. అక్కడ ఆరోగ్యమిత్ర అని ఒక అమ్మాయి ఉంటుంది. పేరు స్వర్ణలత. ఇలాంటివి చెప్పడానికే ఆమెను అక్కడ కూర్చోబెట్టారు. మేము ఆమెను అడగలేదు. ఎందుకు అడగలేదంటే భయం. అంతకు మించి ఏమీ లేదు.

నేను తమ్ముడి ఇంటికి పోయి, మంజుల పెట్టెలోంచి అదే ఆకుపచ్చ చీర తీసి కట్టుకుని దవాఖానకు పోయాను. పదకొండు గంటలకు తమ్ముడు నన్ను చక్రాల కుర్చీలో స్వర్ణలత బల్ల దగ్గరికి తోసుకుపోయాడు. నాకు ఏ జబ్బూ లేదు. రొమ్ము మీద చెయ్యి పెట్టుకున్నాను. "పేరేందమ్మా?" అని అడిగింది. మంజుల అని చెప్పాను. నా ఫొటో తీసింది. లేచి వచ్చి చూస్తే మంజుల మంచం మీద కూర్చుని ఎగశ్వాస తీస్తోంది. "అయ్యిందా వదినా?" అంది. అయ్యింది అన్నాను.

ఐదో తేదీన ఆపరేషన్‌కు మంజూరు వచ్చింది. నిన్న, ఎనిమిదో తేదీ సోమవారం ఉదయం ఏడున్నరకు మంజులను ఆపరేషన్‌కు తీసుకుపోయే ముందు స్వర్ణలత నా ఫొటో ఉన్న మంజూరు కాగితం పట్టుకుని మంచం దగ్గరికి వచ్చింది. కాగితాన్ని చూసింది, మంజులను చూసింది, నన్ను చూసింది. ఆపరేషన్ ఆగిపోయింది.

ఆ అమ్మాయి నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "అక్కా, పేరు కార్డుల ఉంటె చాలు, ఆమెకు హక్కున్నది. ఫొటో తప్పయితే తహసీల్దార్ సారుకు అసలు మనిషిని చూపించి కాగితం తెచ్చుకుంటె అయిపోతుండె. ఒక్క మాట అడగక పోతిరి" అంది. ఆ మాట నాకు చెవుల్లోంచి పోవడం లేదు. ఒక్క మాట అడగలేదు. ఇప్పుడు ఆ పేరు మీద కార్డులో, దవాఖాన కాగితంలో, రెండు చోట్లా నా ముఖమే ఉంది. ఆ ముఖం ఎవరిదో రాతపూర్వకంగా తేలితేనే కొత్త మంజూరు అడగగలమని కూడా ఆమే చెప్పింది.

బయటికి వచ్చాక తమ్ముడు, "ఫొటో తీసినోడే తారుమారు చేసిండని చెప్పక్కా. కేసయితే నీ పాసు పోతది" అన్నాడు. నిజమే. పోలీసు కేసు ఉంటే విమానాశ్రయంలో పని పాసు తీసేస్తారు. నాకు ఒళ్లు మండిపోయింది. "ఏందిరా, ఇంకా అబద్ధాలేనా? నీ పెండ్లాం ఊపిరి చూస్తున్నవా, నా పాసు చూస్తున్నవా?" అని అరిచాను. వాడు అక్కడే మెట్ల మీద కూలబడ్డాడు.

కాబట్టి చెబుతున్నాను. 2007లో ఫొటోలో కూర్చున్నది నేను. ఈ నెల మూడో తేదీన చక్రాల కుర్చీలో కూర్చున్నదీ నేనే. నా పాసు ఈ కాగితంతో పాటు బల్ల మీద పెట్టాను. మంజుల పేరు దగ్గర మంజుల ముఖం పెట్టండి. ఆమె ఇక్కడికి రాగలిగే స్థితిలో లేదు, దవాఖానకు ఎవరినైనా పంపి చూసుకోండి. ఈ రోజే పంపండి సారూ.

ఇదంతా నాకు చదివి వినిపించారు. నా నోటి నుంచి వచ్చిందే ఉంది, కలిపింది లేదు, దాచింది లేదు.

వేలిముద్ర వేసే ముందు ఇంకొక్కటి రాయమన్నాను. నిన్న సాయంత్రం విచారణకు వచ్చిన పోలీసు ఎస్.ఐ. గారు ఆ ఆకుపచ్చ చీరను సాక్ష్యం కింద తీసుకున్నారు. అది నాది కాదు. కేసు ఎటుపోయినా, దాన్ని మంజులకు ఇవ్వండి. దవాఖాన నుంచి ఇంటికి వచ్చే రోజు ఆమె కట్టుకోవాలి.

భాగ్యమ్మ, ఎడమచేతి బొటనవేలి ముద్ర.