ఖాళీగా వచ్చిన సత్తుగిన్నె

పొద్దు వాలింది, వాన వెలిసింది, చూరు నీళ్ళు ఇంకా కారుతున్నాయి. దగ్గరగా జరగండి. ఆఖరి బస్సు రాలేదింకా, వచ్చేలోపు చెప్పేస్తాను. మలుపులో చింతచెట్టుంది చూశారూ, పగలైనా ఎవరూ నీడకి నిలబడరే, దాని సంగతి.

మన ఊరినుంచి పట్నం వెళ్ళేవాడి చేతులు ఎప్పుడైనా ఖాళీగా ఉన్నాయా? ఒకరు మునక్కాడలిస్తారు, ఒకరు పెరుగు ముంత, ఇంకొకరు బాలింత కూతురికి కాయం సీసా, అన్నీ మోసుకుని వాడు బస్సెక్కుతాడు. ఇప్పుడు దానికీ ఫోన్లో ఓ కంపెనీ వచ్చింది. ఎటూ పోతున్నారు కదా, ఈ పొట్లం ఫలానా ఇంట్లో ఇచ్చేయండి, చార్జీ మేమిస్తాం అంటారట. నూకరత్నం పెద్దకూతురు ఝాన్సీ, పట్నంలో బట్టలకొట్టు పనికి రోజూ వెళ్ళొచ్చే పిల్ల, అందులో చేరింది. నూకరత్నం ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. "ఎవరిదో, ఏంటో" అంది, అంతే.

మొదటి బస్సు ఊళ్ళోకి రాదు కదా, మలుపులోనే ఎక్కాలి. ఓరోజు పొద్దున్నే పిల్ల ఆ చెట్టు కింద నిలబడితే ఓ ముసలమ్మ వచ్చి, గుడ్డ వాసెన కట్టిన సత్తుగిన్నె చేతిలో పెట్టి, రేవు దగ్గర కూలీల లైను ఇళ్ళలో మావాడున్నాడు, ఎండుచేపల ఇగురంటే ప్రాణం వాడికి, గిన్నె మాత్రం మళ్ళీ తెచ్చియ్యమ్మా అందట. ఎవరివైనా మోసే పిల్ల దొరికిందని లేచొచ్చిందన్నమాట. పిల్ల నవ్వి, "మామ్మా, మరి నా చార్జీ?" అంటే, "తిరిగొచ్చాక చూద్దాంలే" అందట.

తీరా వెళ్తే రేవు దగ్గర లైనూ లేదు, కూలీలూ లేరు, పెద్ద గోడ కట్టేశారు. పిల్ల ఏం చేస్తుంది మరి? కూర పారెయ్యలేక అక్కడి కాపలావాడికి పెట్టేసి, గిన్నె తోమి సంచిలో వేసుకుంది. అక్కడొచ్చింది తప్పు. ఒకరి గిన్నె తిరిగిచ్చేటప్పుడు మనం ఒట్టిగా ఇస్తామా? చిటికెడు పంచదారైనా వెయ్యమూ? అలసటలో పిల్లకి తోచలేదు.

సాయంత్రం బస్సొచ్చింది. నూకరత్నం మొగుడు ఈశ్వర్రావు దిగాడు, చిన్నకూతురు స్రవంతి దిగింది, ఝాన్సీ దిగలేదు.

"అక్క మలుపులోనే దిగిపోయిందమ్మా. ఎవరో మామ్మకి సత్తుగిన్నె ఇచ్చొస్తానంది."

సత్తుగిన్నె అనగానే నూకరత్నానికి తెలిసిపోయింది ఆ మామ్మెవరో. ఎందుకంటే ఆవిడ కాపరానికొచ్చిన కొత్తలో సన్నాసమ్మని ఒకావిడుండేది, దారినపోయే లారీవాళ్ళ చేత రేవులో ఉన్న కొడుక్కి కూర పంపేది, వాడు గిన్నెలో ఓసారి బెల్లంముక్క, ఓసారి వక్కపలుకు వేసి పంపేవాడు, అదే ఆవిడకి వాడు బాగున్నాడన్న కబురు. ఒకసారి గిన్నె ఖాళీగా వచ్చింది. కొడుకు పోయాడని చెప్పడానికి లారీవాడికి నోరు రాలేదు. ఇంకేదో వస్తుందని ఆవిడ ఆ చెట్టు మొదట్లోనే కూర్చుని కూర్చుని, ఓ ముసురులో అక్కడే పోయింది.

వేరుశనక్కాయలు ఒలుస్తున్న నూకరత్నం ఒళ్ళోవి ఒళ్ళో ఉండగానే పరిగెత్తింది. చెట్టు కింద ఝాన్సీ ఓ పక్క, ముసలిది ఓ పక్క, ఇద్దరి చేతులూ గిన్నె మీదే. వదుల్దామంటే పిల్ల వేళ్ళు రావడం లేదు, పెదాలు నల్లబడ్డాయి. ముసలిది అరుస్తోందా అంటే అదీ లేదు. మెల్లిగా అడుగుతోంది, వాడేం పంపాడు, వాడేం పంపాడు, ఏమీ పంపలేదంటే నిన్నే పంపాడా అని.

నూకరత్నం దండం పెట్టిందా, దేవుణ్ణి పిలిచిందా? ఏమీ లేదు. కొంగులో మిగిలిన పలుకులు గిన్నెలో పోసింది.

"నీ కొడుకు పంపాడత్తా. కడుపునిండా తిన్నానన్నాడు."

ముసలిది ఒక పలుకు నోట్లో వేసుకుని నమిలింది. పిల్ల చేతుల్ని వదిలేసింది. మొహమంతా వెలుగైపోయి, "అయితే రేపూ పంపుతాను" అంది.

అదీ వచ్చిన చిక్కు. ఇప్పటికీ తెల్లారేసరికి ఆ చెట్టు మొదట్లో సత్తుగిన్నె ఉంటుంది, పైన చెయ్యి పెడితే వెచ్చగా ఉంటుంది. పెట్టకండి. పట్నం బస్సు కావాలంటే మైలు నడిచి పై స్టాపులో ఎక్కండి, కాళ్ళేం అరిగిపోవు.

అదిగో, హారను. నూకరత్నం అప్పుడే గుమ్మంలోకొచ్చేసింది, చూడండి. ఇప్పుడు పలకరించకండి, లెక్క తప్పుతుంది. ఆయన, ఒకటి. చిన్నది, రెండు. ఇంకెవరూ దిగరేం?

ఆ. ఝాన్సీ. మూడు.